చెరువు ఎండగట్టారు, ఒడ్డున ఆల్చిప్పలు కుప్పలుగా చచ్చిపడున్నాయి. వీటి గోడు వినేవాళ్లున్నారా?

చెరువుగట్టు సాయి (ఆదివారం, ఉదయం 8:10)

మియాపూర్ దాటాక మా కాలనీ వెనక చిన్న చెరువు ఒకటుంది. పూడిక తీస్తామని మూడు వారాల కిందట తూము ఎత్తి నీళ్లన్నీ వదిలేశారు. ఈ రోజు వాకింగ్‌కి వెళ్తే గట్టు ఎక్కకముందే వాసన కొట్టింది, చేపలేమో అనుకున్నా, కాదు. బురద నెర్రెలిచ్చి ఉంది, ఆ నెర్రెల మధ్య ఆల్చిప్పలు, నోళ్లు తెరిచి. అరచేయంత ఉన్నాయి ఒక్కొక్కటి, పైన ముదురు ఆకుపచ్చ, లోపల వెన్నెల రంగు మెరుపు. ఊరికే ఉండలేక ఒక మంచం పట్టేంత జాగాలో లెక్కపెట్టా, 31 ఉన్నాయి. చెరువంతా ఎన్నుంటాయో మీరే ఊహించుకోండి.

మధ్యలో ఇంకా కాస్త తడి ఉన్నచోట ఒకటి కొద్దిగా తెరుచుకుని కనిపించింది. వేలు తగలగానే టక్కున మూసుకుని చేతి మీద నీళ్లు చిమ్మింది. బతికే ఉంది!

ఇవి అంతరించిపోతున్న జాతా? ఎవరికన్నా తెలిస్తే చెప్పండి. పెద్ద పులికి, బట్టమేక పిట్టకి లెక్కలుంటాయి, వీటికి ఉంటాయా అసలు?

మిరపకాయ్ బజ్జీ (8:22)

అరె భాయ్, మా గల్లీలో డ్రైనేజీ పొంగి వారమైంది, దానికి థ్రెడ్ పెడితే ఒక్కడు రాలే. ఆల్చిప్పలకు సంతాప సభనా? ముత్యం దొరికితే చెప్పు.

జువాలజీ మాస్టారు (8:57)

సాయి గారూ, ఫొటో లేకుండా కచ్చితంగా అనలేను గానీ మన చెరువుల్లో ఆ సైజులో, ఆ రంగులో దొరికేది ఎక్కువగా లామెల్లిడెన్స్ మార్జినాలిస్. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లల చేత దాన్నే కోయించాను, ఆ పాపం నాకూ ఉంది. ఏ జీవికి ఎంత ముప్పుందో ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ సంస్థ రాసే రెడ్ లిస్ట్‌లో దానికి పెద్దగా ముప్పు లేదనే రాసుంది. దేశమంతా ఉంది, కాబట్టి మీ చెరువులో చచ్చినంత మాత్రాన జాతి పోదు.

కానీ మీరడిగిన రెండో ప్రశ్న ఉంది చూశారూ, వీటికి లెక్కలుంటాయా అని, అది అసలైన ప్రశ్న. నదులు, చెరువుల్లో ఉండే నత్తలే దాదాపు 4,000 రకాలు, ఆల్చిప్పలు వేరే. అన్నిటినీ ఒక్కొక్కటిగా చూసే ఓపిక, డబ్బు, మనుషులు ఎక్కడున్నారు? అందుకని లాటరీ తీసినట్టు 1,428 జాతులను ఎంచుకుని, వాటి పరిస్థితి చూసి, 2021లో ఒక అంచనా వేశారు. అన్నం ఉడికిందా లేదా అని మెతుకు పట్టి చూస్తామే, అలా. ఆ మెతుకు చెప్పిందేమిటంటే సుమారు మూడో వంతు జాతులు అంతరించే ముప్పులో ఉన్నాయి. ఆల్చిప్పల కంటే నత్తలకు ముప్పు ఎక్కువ. చెరువుల్లాంటి నిలవ నీళ్లలో కంటే పారే నదుల్లో ఎక్కువ. ఉత్తర అమెరికా, యూరప్‌తో కలిసిన ఉత్తర ఆసియా, ఆస్ట్రేలియా వైపు మరీ ఎక్కువ. కారణాల్లో ముందు వరసలో ఉన్నవి రెండు, కాలుష్యం ఒకటి, డ్యామ్‌లు కట్టి నీళ్లు మళ్లించడం రెండోది.

చెరువుగట్టు సాయి (9:05)

మూడో వంతా?! నత్త అంటే ఎక్కడ చూసినా ఉంటుంది కదా సార్. మొన్న వానలకి మా అపార్ట్‌మెంట్ గోడంతా నత్తలే.

గాజుతొట్టి (9:14)

ఆ గోడ మీదవి ఆఫ్రికా నత్తలు బ్రో, నేల మీద బతికేవి. 1847లో ఒక తెల్లదొర కలకత్తాలో వదిలాడు, ఇప్పుడు మన కరివేపాకు చెట్టు దాకా వచ్చాయి. ఈ తిరకాసు వల్లే ఎవరూ నమ్మరు. కళ్ల ముందు కనబడే నాలుగు రకాలు ఊరంతా పాకుతుంటాయి, కనబడని నాలుగొందల రకాలు ఒక్కో వాగుకో ఊటకో పరిమితమై ఉంటాయి, ఆ ఊట పోతే అదీ పోయినట్టే.

మిరపకాయ్ బజ్జీ (9:20)

సరే పోయింది అనుకుందాం. పోతే ఏమైతది? సీరియస్‌గానే అడుగుతున్నా. పులి పోతే జింకలు పెరుగుతయ్ అంటారు. నత్త పోతే?

పక్షుల పద్మ (9:41)

నత్త పోతే నత్తగుల్ల కొంగ పోతుంది. అమీన్‌పూర్ చెరువుకి ఏదో ఒక ఆదివారం రండి, చూపిస్తా. దాని ముక్కు మధ్యలో సందు ఉంటుంది, రెండు దవడలూ పూర్తిగా కలవవు, పట్టకారు సరిగ్గా పడనట్టు. బురదలో ముక్కు పెట్టి కళ్లతో కాకుండా తడిమి పెద్ద నత్తగుల్లను పట్టి, గుల్ల పగలకుండా, మూత దగ్గర కండరం కోసి లోపలి మాంసాన్ని సుతారంగా లాగేస్తుంది. నేను పావుగంట ఫోన్ కూడా ఎత్తకుండా చూస్తూ కూర్చున్నా ఒకసారి. అది తిని వెళ్లాక ఒడ్డున గుల్లలు చెక్కుచెదరకుండా ఉన్నాయి, ఎవరో కడిగి బోర్లించినట్టు.

జువాలజీ మాస్టారు (9:58)

బజ్జీ గారికి ఇంకొంచెం జవాబు. ఆల్చిప్ప తిండి వెతుక్కుంటూ తిరగదు, నీళ్లను లోపలికి పీల్చి వడకట్టి వదులుతుంది. పెద్ద ఆల్చిప్ప ఒకటి రోజుకు పదుల లీటర్ల నీళ్లు వడకడుతుంది. సాయి గారి చెరువులో ఉన్నవన్నీ కలిపి జీతం అడగకుండా ఎన్నేళ్లు ఆ పని చేశాయో ఆలోచించండి. మీ ఇంట్లో వాటర్ ఫిల్టర్ క్యాండిల్ మార్చడానికి వచ్చే అబ్బాయికి ఎంతిస్తారు?

మిరపకాయ్ బజ్జీ (10:02)

సార్ పాయింట్‌కొచ్చిండు. 600 తీసుకున్నడు మొన్న.

దిల్‌సుఖ్‌నగర్ టు అలబామా (10:30)

ఇక్కడ రాత్రి, నిద్ర పట్టక చదువుతున్నా. భలే థ్రెడ్, ఎందుకంటే ప్రపంచంలో నత్తల శ్మశానం ఏదంటే నేనుండే రాష్ట్రమే. ఇక్కడ కూసా అని ఒక నది. 1914 నుంచి 1967 దాకా వరసగా డ్యామ్‌లు కట్టుకుంటూ పోయారు. ఆ నది రాళ్ల మీద, గలగలా పారే నీళ్లలో మాత్రమే బతికే నత్తలుండేవి. నది కాస్తా మెట్లు మెట్లుగా చెరువులైపోయింది, రాళ్ల మీద బురద పేరుకుంది, దాదాపు 36 రకాల నత్తలు తుడిచిపెట్టుకుపోయాయి. మళ్లీ చదవండి, ఒక్క నదిలో 36 జాతులు. డైనోసార్ పోయిందని సినిమాలు తీస్తాం, మా తాతలు బతికున్న కాలంలో పోయిన వీటి పేర్లు ఇక్కడివాళ్లకే తెలియవు.

అమెరికా మొత్తంలో నది ఆల్చిప్పలు సుమారు 300 రకాలు. 2023 అక్టోబర్‌లో ఇక్కడి ప్రభుత్వం 21 జాతులు ఇక లేవని రక్షణ జాబితా నుంచి తీసేసింది. పేపర్లో పిట్టల ఫొటోలు వేశారు. ఆ 21లో ఎనిమిది ఆల్చిప్పలే, వాటి ఫొటో ఎక్కడా కనబడలే.

అమ్మమ్మ గారి మనవరాలు (10:44)

అన్నా, అమెరికాలో అన్ని రకాల ఆల్చిప్పలుంటే తినేసేవాళ్లా?

దిల్‌సుఖ్‌నగర్ టు అలబామా (11:03)

తినలేదమ్మా, చొక్కాకి కుట్టుకున్నారు! మిసిసిపీ ఒడ్డున మస్కటీన్ అని ఊరు ఉంది, ఐయోవాలో. 1891 ప్రాంతంలో ఒక జర్మనీ బొత్తాల పనివాడు వచ్చి అక్కడి చిప్పలు చూసి కార్ఖానా పెట్టాడు. 1905 నాటికి ఆ ఒక్క ఊరు ఏడాదికి 150 కోట్ల బొత్తాలు చేసింది. చిప్పకు గుండ్రంగా రంధ్రాలు కోసి, ఆ బిళ్లలు తీసుకుని మిగతాది పారేసేవాళ్లు. జల్లెడ లాంటి ఆ చిప్పలు ఇప్పటికీ నది ఒడ్డున మట్టిలో దొరుకుతాయి, నా దగ్గర ఒకటుంది, అందులోంచి మా పాప టీవీ చూస్తుంటుంది. ప్లాస్టిక్ బొత్తం వచ్చి వాటిని కాపాడిందనుకున్నారు, ఆలోపు డ్యామ్‌లు వచ్చాయి.

బసరా ముత్యం (11:20)

ఇక్కడ నేను మాట్లాడాలి. మాది మూడు తరాలుగా ముత్యాల పని, పత్తర్‌గట్టీ దగ్గర. మన ఊరిని ముత్యాల నగరం అంటారు గానీ ముత్యం ఇక్కడ పుట్టదు. నిజాం కాలంలో గల్ఫ్ నుంచి బసరా ముత్యాలొచ్చేవి, అది సముద్రపు సరుకు. ఇక్కడ బెజ్జం వేయడం, ఏరడం, గుచ్చడం. ఇవాళ కౌంటర్‌లో మీరు చూసే దండల్లో ఎక్కువ భాగం చైనా చెరువుల్లో పెంచిన ఆల్చిప్పలవే. హైరియోప్సిస్ కుమింగీ దాని పేరు, ఈ పేరు పలకడానికి నాకు నెల పట్టింది. ఒక్క చిప్పలో డజన్ల కొద్దీ ముత్యాలు వస్తాయి. ఇంకో ఆల్చిప్ప పొర ముక్కలు చిన్నవి కోసి లోపల నాటుతారు, వాటి చుట్టూ ముత్యం కడుతుంది. సముద్రపు కల్చర్డ్ ముత్యమైతే లోపల గుండ్రని పూస పెట్టాలి, ఆ పూస దేంతో చేస్తారనుకున్నారు? అన్న చెప్పిన మిసిసిపీ చిప్పతోనే. జపాన్ ముత్యం కోసి చూస్తే లోపల అమెరికా.

మా నాన్న చిన్నప్పుడు బీవా ముత్యం అంటే పేరు. జపాన్‌లో బీవా సరస్సుది. ఆ సరస్సు నీళ్లు పాడై ఆల్చిప్పలు పోయాయి, పరిశ్రమ పడిపోయింది. ఆ తర్వాత చాలా ఏళ్లు చైనా సరుకునే బీవా అని అమ్మారు, మా వాళ్లూ అమ్మారేమో, నేను కాదనను.

అమ్మమ్మ గారి మనవరాలు (11:31)

మరి స్వాతి చినుకు ఆల్చిప్పలో పడితే ముత్యం అవుతుందని అమ్మమ్మ చెప్పింది 😐

బసరా ముత్యం (11:33)

చినుకైతే ఫ్రీగా వస్తుంది కదమ్మా, మేం ఇన్‌వాయిస్ ఎందుకు కడతాం.

డాక్టర్ పశువులు (12:15)

అందరూ నత్తల మీద ఇంత ప్రేమ కురిపిస్తుంటే అడ్డుపడటం ఇష్టం లేదు కానీ, నేను వెటర్నరీ. గొర్రెల్లో, గేదెల్లో కార్జపు జలగ వస్తుంది చూశారా, ఆ జలగ పిల్ల సగం జీవితం నీటి నత్తలోనే గడుపుతుంది. మందలు నీరసించి, దవడ కింద నీరు చేరి, రైతు ఏడుస్తుంటే నేను వెళ్లి "నత్తలు ప్రకృతి సంపద" అనలేను. కుంటల్లో మైలుతుత్తం కలిపించిన రోజులున్నాయి.

జువాలజీ మాస్టారు (12:40)

డాక్టర్ గారూ, న్యాయమే. కానీ జలగను మోసేవి కొన్ని రకాలే, లిమ్నేయా జాతివి. మైలుతుత్తానికి ఆ తేడా తెలియదు, చెరువులో ఉన్న గుల్ల జీవులన్నిటినీ చంపుతుంది, డోసు ఎక్కువైతే చేపల్ని కూడా. మందకు మందు తాగించడం, మేపు చోటు మార్చడం, బాతుల్ని వదలడం, ఇవి మీకు నాకన్నా బాగా తెలుసు.

డాక్టర్ పశువులు (12:52)

బాతుల మాట నిజం. మైలుతుత్తం నేను మానేసి చాలా కాలమైంది సార్, చెప్పడం మర్చిపోయా. అప్పట్లో ఒక కుంటలో పొద్దున్నే వెళ్తే చేపలు తేలాయి, ఆ రైతు నన్ను ఒక్క మాట అనలేదు, అదే గుర్తుండిపోయింది.

గాజుతొట్టి (1:30)

అక్వేరియం వాళ్ల తరఫున కూడా ఒక ఒప్పుకోలు. రాబిట్ స్నెయిల్ అని కుందేలు మూతిలాంటి ముఖమున్న నత్త అమ్ముతారు, నా దగ్గర రెండున్నాయి. ఇండోనేషియాలోని సులవేసి దీవిలో, ముఖ్యంగా పోసో, మాలిలీ సరస్సుల్లో తప్ప ఇంకెక్కడా పుట్టవవి. నా పక్క తొట్టిలో ఫ్లవర్‌హార్న్ చేప ఉండేది, నుదురు బుడిపె వేసుకుని, అదృష్టమని మా బావ ఇచ్చాడు. తర్వాత చదివితే తెలిసింది, మనుషులు వదిలిన అదే ఫ్లవర్‌హార్న్ ఆ మాలిలీ సరస్సుల్లో చేరి అక్కడి జీవాల్ని ఊడ్చేస్తోందని. నా ఇంట్లో రెండు తొట్లు పక్కపక్కనే పెట్టుకుని నాకేం తెలియదు.

జీబ్రా ఆల్చిప్పదీ ఇదే కథ, ఇంకా పెద్దది. నల్ల సముద్రం, కాస్పియన్ వైపుది, ఓడలు బరువు కోసం నింపుకునే నీళ్లలో అమెరికా చేరింది, 1988లో గ్రేట్ లేక్స్ దగ్గర బయటపడింది. గోరంత ఉంటుంది. స్థానిక ఆల్చిప్ప వీపు మీద వందల కొద్దీ అతుక్కుని, దానికి నోరు తెరవడానికి సందివ్వదు, తిండి దొరకనివ్వదు. ఆల్చిప్పను చంపింది ఆల్చిప్పే.

చెరువుగట్టు సాయి (2:10)

సార్, ఒక డౌటు. చెరువులో మళ్లీ నీళ్లు నిండితే ఇవి మళ్లీ పుట్టవా? చేప పిల్లల్ని వదులుతారు కదా, అలా.

జువాలజీ మాస్టారు (2:48)

పుడతాయి, కానీ ఒక తిరకాసుంది. ఆల్చిప్ప పిల్లలు నేరుగా బతకలేవు. కంటికి ఆనని ఆ పిల్లలు చేప మొప్పలకో రెక్కలకో కొండిలా పట్టుకుని కొన్ని రోజులు, వారాలు దాని మీదే ఉండి, ఆకారం మారాక కిందికి జారి బురదలో పడతాయి. అమెరికాలో కొన్ని రకాల తల్లులు తమ కండనే చిన్న చేపలా ఆడిస్తాయి, కళ్లచుక్కతో, తోకతో సహా. పెద్ద చేప తిందామని నోరు పెట్టగానే పిల్లల్ని దాని మూతి మీద చిమ్ముతాయి. కళ్లు లేని జీవి చేప బొమ్మను అంత అచ్చంగా ఎలా చేసిందో అని ఈ వయసులో కూడా ఆశ్చర్యపోతా.

కాబట్టి చేప పోతే ఆల్చిప్ప పోతుంది, ఆల్చిప్ప కోసం చేపను కాపాడాలి. స్పెయిన్‌లో ఎబ్రో నదిలో పెద్ద ముత్యపు చిప్ప ఒకటుంది, అంతరించిందనుకుంటే మళ్లీ కనబడింది. కానీ దాని పిల్లలు ఎక్కాల్సిన స్టర్జన్ చేప ఆ నదిలో లేకుండా పోయింది. ముసలి చిప్పలు ఉన్నాయి, పిల్లలు లేరు. ఉత్తర యూరప్ ముత్యపు చిప్ప వందేళ్లకు పైగా బతుకుతుంది, దానికి సాల్మన్, ట్రౌట్ కావాలి. స్కాట్లండ్‌లో 1998 నుంచి దాన్ని ముట్టుకోవడమే నేరం, అయినా ముత్యం కోసం దొంగతనంగా కోసేవాళ్లు ఉన్నారు. నదిలో బోలెడు ఉన్నాయని చూసినవాడు అనుకుంటాడు. దగ్గరికెళ్తే అన్నీ తాతలే, బడి మూసేసిన పల్లెటూరులా.

మిరపకాయ్ బజ్జీ (3:05)

ఆ చివరి ముక్క గుచ్చుకుంది సార్. మా ఊరు గుర్తొచ్చింది.

పక్షుల పద్మ (3:26)

నాకొకటి ఎప్పట్నుంచో చిరాకు. 2025 జనవరిలో మంచినీటి జీవాల్లో నాలుగో వంతు ముప్పులో ఉన్నాయని పేపర్లన్నీ రాశాయి. 23,496 జాతులు చూశారట, ఘనమైన పనే, కాదనను. కానీ అవి చేపలు, తూనీగలు, పీతలు-రొయ్యల్లాంటివి. నత్తలూ ఆల్చిప్పలూ ఆ లెక్కలోనే లేవు. క్లాసులో హాజరు పిలిచేటప్పుడు చివరి బెంచీని వదిలేసినట్టు.

జువాలజీ మాస్టారు (3:50)

ఇంకో లెక్క కూడా వేసుకోండమ్మా. 2004 నాటికి, 1500 సంవత్సరం తర్వాత అంతరించినట్టు నమోదైన జంతువులు 693 అయితే అందులో 42 శాతం మొలస్కాలే, అంటే నత్తలు, ఆల్చిప్పల వర్గమే. సముద్రపువి దాదాపు లేవు, అన్నీ నేల మీదివీ మంచినీటివీ. చివరి బెంచీ వాళ్లే ఎక్కువ బడి మానేశారు.

మన దగ్గరి సంగతి. కర్ణాటకలో భద్ర నది వైపు రాళ్లకు సిమెంటు వేసినట్టు అతుక్కుని ఉండే ఒక మంచినీటి ఆల్చిప్ప ఉంది, సూడోములేరియా డాలీ. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు, పడమటి కనుమల ఆ కొద్ది జాగాలోనే. తుంగ, భద్ర కలిసి తుంగభద్ర, అది కృష్ణలో కలుస్తుంది, కృష్ణ నీళ్లు మన కుళాయిలో. ఆ కనుమల్లోనే జలపాతాల తడి బండల మీద బతికే క్రెమ్నోకాంకస్ నత్తలున్నాయి, వాటి కుటుంబమంతా సముద్రంలో, ఇవి మాత్రం కొండెక్కి కూర్చున్నాయి.

దిల్‌సుఖ్‌నగర్ టు అలబామా (4:15)

పడుకునే ముందు ఒక మంచి ముక్క. మా ఇంటి దగ్గర కహాబా నది, కూసాలాగా దీన్ని వరస డ్యామ్‌లతో కట్టేయలేదు. 2000లో ఒక నత్త అంతరించిందని ప్రకటించారు, 2011లో ఈ నదిలోనే రాళ్ల మీద దొరికింది. చిటికెన వేలి గోరంత. వేసవిలో మేం పడవ వేసుకుని వెళ్లేది ఆ నదిలోనే, ఇప్పుడు రాయి మీద కాలు పెట్టాలంటే భయం. సాయీ, బతికున్నవి ఉంటే వాటి సంగతి చూడు ముందు.

చెరువుగట్టు సాయి (4:22)

అదే అడగబోతున్నా. పక్క చెరువులో నీళ్లున్నాయి, బకెట్లలో తీసుకెళ్లి వేసేయనా?

జువాలజీ మాస్టారు (4:31)

వద్దు! పక్క చెరువులో వద్దు. ఇక్కడి రోగాలు, పురుగులు అక్కడికి మోస్తారు. అదే చెరువులో లోతు చోట నీళ్లు మిగిలుంటే అక్కడికి మార్చండి, ఎండెక్కకముందు, తడి గోనె కప్పి. పూడిక తీసేవాళ్లతో మాట్లాడి ఆ గుంటను చివరికి వదలమనండి. రెండు ఖాళీ చిప్పలు కడిగి, ఎక్కడ ఎప్పుడు దొరికాయో రాసి పెట్టుకోండి. అత్తాపూర్‌లో జూలాజికల్ సర్వే వాళ్ల మంచినీటి జీవాల కేంద్రం ఉంది, అక్కడ చూపిస్తే జాతి పేరు చెప్పగలరు.

అమ్మమ్మ గారి మనవరాలు (5:40)

మీరందరూ చెప్తుంటే లేచి వెళ్లి వంటింటి అటక వెతికా. అమ్మమ్మ ఆల్చిప్ప దొరికింది! బండ మీద వీపు అరగదీసి మధ్యలో చీలిక చేసింది, ఆవకాయ రోజుల్లో మాగాయకి చెక్కు తీసేది దీంతోనే. అంచు ఇంకా పదునుగా ఉంది. లోపల గీతలు పడి, పసుపు అంటి, ఒక మూల మాత్రం ఇంద్రధనుస్సు. పీలర్ ఉండగా ఇదెందుకని మా అమ్మ పారేయబోతే అమ్మమ్మ రెండు రోజులు మాట్లాడలేదట.

చెరువుగట్టు సాయి (సోమవారం, ఉదయం 9:35)

అప్‌డేట్. పొద్దున 5:30కి వెళ్లాం. అక్కడ జేసీబీ నడిపే అన్న ముందు నవ్వాడు, తర్వాత తనే లోతు గుంట ఎక్కడుందో చూపించాడు, దాన్ని ఆఖర్న ముట్టుకుంటా అన్నాడు. మోకాళ్ల దాకా బురద. తట్టి చూసి గట్టిగా మూసుకున్నవే ఏరాం, 118 దొరికాయి. గుంటలో వరసగా పెడుతుంటే, చివరిది పెట్టేసరికి మొదట పెట్టినవి కొన్ని అప్పటికే కాలు బయటపెట్టి బురదలోకి దిగిపోతున్నాయి, నెమ్మదిగా, పడక సర్దుకున్నట్టు. పద్మ గారూ, గట్టు మీద ఒక నత్తగుల్ల కొంగ మమ్మల్నే చూస్తూ నిలబడింది, దాని ఉద్దేశం ఏమిటో మాకు అర్థమైంది.

ఇద్దరం వెళ్దామనుకుంటే ముగ్గురం అయ్యాం. మూడో ఆయన పేరు చెప్పొద్దన్నాడు.

మిరపకాయ్ బజ్జీ (9:50)

చెప్పినా ఏం కాదులే. ముత్యం దొరకలే. ఎడమ కాలి చెప్పు బురదలో దిగబడిపోయింది, ఎవరికన్నా చెప్పు దొరికితే చెప్పండి.